అత్తకు పంపిన సినిమాలు

ఖానాపూర్,
3 డిసెంబర్ 1959

తమ్ముడు కైలాసానికి అక్క నర్మద దీవించి రాయించే సంగతులు.

ఇక్కడ అందరి ఒళ్లు బాగున్నాయి. మక్కజొన్నలు ఇంటికొచ్చాయి. బర్రె ఈనింది, దూడ దక్కింది. ఇక అసలు సంగతి. మా అత్త ఐలవ్వ మీ బావకు రెండో పెళ్లి చేయాలని చూస్తోంది. నా పెళ్లయి తొమ్మిదేళ్లు దాటింది, ఒడి నిండలేదు. కొండగట్టు అంజన్న దగ్గర నిద్ర చేసి వచ్చాం. ముడుపు కట్టాం. ఎవరో పసరు ఇస్తే తాగాను, వాంతులయ్యాయి. వాంతులు చూసి అత్త సంబరపడి ఇంటింటికీ బెల్లం పంచింది. తర్వాత అది పసరు పని అని తెలిసి వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ ఉత్తరం రాస్తున్నది మీ బావే. నాకు రాయరాదు. ఇంకొకరి చేత రాయిస్తే ఊరంతా చదువుతుంది. అందుకని ఆయన రెండో పెళ్లి ఆపించమని ఆయన చేతనే రాయిస్తున్నాను. కిక్కురుమనకుండా రాస్తున్నాడు. (చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. – దశరథం)

మనవాళ్ల పద్ధతి నీకు తెలుసు. ఇలాంటి పని జరిగేటప్పుడు మొదటి ఆమె పుట్టింటివాళ్లు వచ్చి నలుగురిలో కూర్చోవాలి. వచ్చి కాదంటే ఆ మాటకు విలువుంటుంది. రాకపోతే సరే అన్నట్టే లెక్క. ఆ తర్వాత కొత్త పిల్లకు మొదటి బొట్టు నా చేతనే పెట్టిస్తారు. బాపు లేడు, అవ్వ లేదు. పుట్టిల్లంటే నాకు నువ్వే. ఒకసారి వచ్చి అత్త ముందు కూర్చొని మాట్లాడు.

సత్తార్ సాబ్ టూరింగ్ టాకీసు గుడారం మళ్లీ మా ఊళ్లో దిగింది. అత్త ఒక్క సినిమా వదలదు. తెర ముందు నేల మీద కూర్చుంటుంది. ఏ సినిమా చూస్తే రెండు రోజులు ఇంట్లో అదే నడుస్తుంది. మొన్న దొంగల సినిమా చూసి వచ్చి వడ్ల కొట్టుకు తాళం వేసింది. తాళంచెవి మాకు ఇవ్వలేదు.

నీ కోసం చూస్తుంటాను.
నర్మద


మందమర్రి,
11 డిసెంబర్ 1959

అక్కకు తమ్ముడు కైలాసం దండాలు. బావకు, అత్తకు కూడా.

ఉత్తరం చదివి మనసు పాడైంది. వెంటనే బయలుదేరేవాణ్ణే. కానీ బొగ్గుబావుల జీతాల వారం, మా సినిమా హాల్లో రోజుకు మూడు ఆటలు. మిషిన్ దగ్గర నేను తప్ప ఎవరూ లేరు. అయితే నువ్వు ఫికర్ పెట్టుకోకు. నీ ఉత్తరం ఆఖరులోనే నాకు దారి దొరికింది. మా హాల్లో ఆడిన సినిమా డబ్బాలే సత్తార్ సాబ్ గుడారానికి వస్తాయి. ఏది ముందు, ఏది వెనక అని చూసి బస్సు మీద వేసేది నేనే.

నాకు పెళ్లి కాలేదు కానీ సంసారాల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను కదా. పౌరాణికంలో కొడుకు తండ్రి మాటకు ఎదురు చెప్పడు. అడవికి పొమ్మంటే సంచి కూడా సర్దుకోడు. జానపదంలో పిల్లవాడు రెండో రీలులో తప్పిపోతాడు, ఆఖరి రీలులో భుజం మీది మచ్చ చూసి తల్లి గుర్తుపడుతుంది. మధ్యలో అన్ని రీళ్లలోనూ ఎవరూ అతని చొక్కా విప్పరు. సాంఘికంలో అన్నదమ్ములు ఒక్క మాట పట్టింపుతో విడిపోతారు. ఆ మాటేమిటని ఎవరైనా అడిగితే సినిమా అక్కడే అయిపోతుంది, కాబట్టి ఎవరూ అడగరు. చివరికి అందరూ వరుసగా నిలబడి నవ్వుతారు.

ఈ వారం ఒక సాంఘికం పంపుతున్నాను. అందులో పిల్లలు లేని భార్య. ఆమె మీదికి సవతి వస్తుంది. పాపం ఆమె ఏడ్చి ఏడ్చి ఆఖరుకు ప్రాణం విడుస్తుంది. మా హాల్లో బొగ్గుబావి మనుషులు, రాయి మీద పడినా చలించనివాళ్లు, కండువాలు పిండుకుంటూ పోయారు. ఇది చూశాక కూడా మీ అత్త రెండో పెళ్లి మాట ఎత్తితే నన్ను పేరు పెట్టి పిలవకు.

ముఖ్యమైన మాట: ఈ ఉత్తరం అత్త ముందు చదవొద్దు.

నీ తమ్ముడు
కైలాసం


ఖానాపూర్,
26 డిసెంబర్ 1959

తమ్ముడికి నర్మద దీవెనలు.

అత్త ముందు చదవొద్దన్న మాట ఉత్తరం చివర రాశావు. అలాంటిది మొదట రాయాలి. మీ బావ అరుగు మీద కూర్చొని గట్టిగా చదివాడు. అత్త పక్కనే చింతపండు గింజలు తీస్తూ మొత్తం విన్నది. (ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం అయిపోయింది. – దశరథం)

అత్తకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "నీ తమ్ముడు నా కోసం సినిమాలు పంపుతుండా? జర పాటలున్నయి పంపుమను," అన్నది. ఆ రోజు నుంచి గుడారంలో ఆమె హోదా పెరిగింది. మందమర్రి నుంచి తన పేరు మీద డబ్బాలు వస్తున్నాయని అందరికీ చెప్తోంది. సత్తార్ సాబ్ ఆమెకు చాప వేయిస్తున్నాడు.

నువ్వు పంపిన సాంఘికానికి నన్ను కూడా తీసుకుపోయింది. ఆమె ఏడ్చింది. మామూలుగా కాదు, పక్కనున్న మా వాడకట్టు బాలవ్వ పట్టుకోవలసి వచ్చింది. నేను లోపల్లోపల సంతోషపడ్డాను. నా తమ్ముడి తెలివే తెలివి అనుకున్నాను. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కొని నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. "చూస్తివా నర్మదా, గామె తానే దగ్గరుండి మొగనికి పెండ్లి చేసింది. పెద్దమనసంటే గది," అన్నది.

నువ్వు రాసిన దానిలో మీదికి సవతి వస్తుందని ఉంది. సవతిని తెచ్చింది ఆమే అని నువ్వు రాయలేదు. నువ్వు సినిమా చూస్తావా, లేక మిషినే చూస్తావా?

ఇప్పుడు రోజూ పొద్దున నా మొహంలో ఆ పెద్దమనసు కోసం వెతుకుతోంది. కడెం వాగు అవతల ఒక ఊళ్లో పిల్ల ఉందట. పేరు అనసూర్య. తల్లి లేదు. నేను ఆమెను చూడలేదు కానీ రాత్రీ పగలూ తిట్టుకుంటున్నాను. ఆమె జడ పాములా ఉండాలని, ఒళ్లంతా పొగరు ఉండాలని అనుకుంటే తిట్టడానికి వీలుగా ఉంటోంది.

డబ్బాలు వద్దు. నువ్వు రా.
నర్మద


మందమర్రి,
2 జనవరి 1960

(అత్త ముందు చదవొద్దు.)

అక్కకు కైలాసం దండాలు.

తప్పు నాదే. ఆ రీలు నడిచేటప్పుడు నేను చాయ్ తాగడానికి పోయి ఉంటాను. అయినా ఒక సంగతి. ఇద్దరు భార్యలు ఉండకూడదని సర్కారు చట్టం చేసి నాలుగేళ్లయింది. అది అత్తకు చెప్పండి.

చట్టానికి లొంగకపోయినా ఆమె దేవుడికి లొంగుతుంది. అందుకే పౌరాణికం వేస్తున్నాను. దేవుడికి ఇద్దరు భార్యలు. ఒకామె దగ్గర పూలు పెడితే ఇంకొకామె అలుగుతుంది. సినిమా అంతా ఆయన ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరగడమే. లోకాలు ఏలేవాడికే నిద్ర లేకపోతే మా బావకు ఎక్కడిది? ఈసారి మొత్తం కూర్చొని చూశాను, చాయ్‌కు కూడా పోలేదు.

ఇంతకూ బావ ఏమంటాడు? నువ్వు ఏ ఉత్తరంలోనూ రాయలేదు.

రావాలనే ఉంది. సంక్రాంతికి కొత్త సినిమా పడుతోంది, అది అయ్యాక చూస్తాను.

నీ తమ్ముడు
కైలాసం


ఖానాపూర్,
20 జనవరి 1960

తమ్ముడికి నర్మద దీవెనలు.

చట్టం సంగతి మీ బావ చేత చెప్పించాను. అత్త విని, ఆ చట్టం చేసినాయనకు ఎంతమంది పిల్లలని అడిగింది. మాకెవరికీ తెలియదు. అక్కడితో చట్టం అయిపోయింది.

పౌరాణికానికి ఊరు ఊరే కదిలింది. చెప్పులు గుడారం బయట విడిచారు. దేవుడు తెర మీదికి రాగానే కొబ్బరికాయలు కొట్టారు. అత్త హారతి వెలిగిస్తే తెర కాలుతుందని సత్తార్ సాబ్ కరెంటు ఇంజన్ ఆపించి, వద్దని దండం పెట్టాడు. మర్యాదకు దండం పెట్టాడనుకొని ఆమె దీవించింది. ఇంటికి వచ్చాక ఆమె మాట ఇది: "దేవునికే ఇద్దరున్నరు. జర లొల్లి ఉంటది. సప్పుడు లేని కొంప కంటే లొల్లి ఉన్న కొంప నయం."

మీ బావ ఏమంటాడని అడిగావు. పక్కనే ఉన్నాడు, కలం ఆయన చేతిలోనే ఉంది. ఆయన్నే రాయమన్నాను.

(నాకు రెండో పెళ్లి వద్దు. ఈ మాట అవ్వకు చెప్పలేదు. అవ్వ అడగలేదు. – దశరథం)

ఏం రాశావో చదవమంటే చదివాడు. నాకు ఏడుపు ఆగలేదు. తొమ్మిదేళ్లలో నాకు చెప్పని మాట నీకు రాశాడు. ఇదే మాట పక్క గదిలోకి పోయి అత్తకు చెప్పమన్నాను. ఉత్తరం పూర్తయ్యాక చెప్తానన్నాడు. అందుకే ఉత్తరం పొడుగు చేస్తున్నాడు. దూడను కుక్క కరిచింది, మందు వేశాం. మిరపతోట బాగుంది. వాడకట్టులో శంకరవ్వ కూతురికి కొడుకు పుట్టాడు. చెరకు గానుగ మొదలైంది. ఇవన్నీ నేను చెప్పినవి కావు.

నిన్న అత్త కడెం అవతలికి కబురు పంపింది. పిల్ల తండ్రి సరేనన్నాడు. శివరాత్రి దాటాక మేం పోయి బొట్టు పెట్టి రావాలి. కైలాసం, నాకు భయంగా ఉంది. ఈ ఇంట్లో నా చాప ఎక్కడ వేస్తారో తెలియడం లేదు. ఎవరైనా ఒకరు నోరు తెరిచి కాదనాలి. నువ్వు రా.

నర్మద


మందమర్రి,
27 జనవరి 1960

(అత్త ముందు చదవొద్దు.)

అక్కకు దండాలు.

భయపడకు. ఇంతవరకు నేను మెత్తటి సినిమాలు పంపాను, అదే పొరపాటు. ఇప్పుడు జానపదం వస్తోంది. రాజుకు ఇద్దరు రాణులు. పెద్ద రాణి బంగారం. చిన్న రాణి రాక్షసి. వచ్చిన రోజునే పాలలో విషం కలుపుతుంది, పసివాణ్ణి ఏట్లో వదిలిస్తుంది, రాజును గుడ్డివాణ్ణి చేస్తుంది. ఆఖరుకు గుండు గీసి, సున్నం బొట్లు పెట్టి, గాడిద మీద ఊరేగిస్తారు. మా హాల్లో ఆ రీలుకు కుర్చీలు విరిగాయి. చిన్న భార్యను తెస్తే కొంప ఏమవుతుందో ఇంతకంటే వివరంగా చెప్పిన సినిమా లేదు.

ఇది కూడా పని చేయకపోతే తప్పకుండా వస్తాను.

కైలాసం


ఖానాపూర్,
14 ఫిబ్రవరి 1960

తమ్ముడికి నర్మద.

జానపదం చూశాం. గుడారంలో మిషిన్ ఒక్కటే కాబట్టి రీలుకూ రీలుకూ మధ్య దీపం వేస్తారు. ఆ కాస్త సేపూ అందరూ చిన్న రాణిని తిట్టారు. గాడిద రీలు అయ్యాక ఈలలు, చప్పట్లు. మా బాలవ్వ లేచి నిలబడి, "చిన్నదానికి గట్లనే కావాలె," అన్నది. అన్నాక అత్త వైపు చూసింది. చూసి కూర్చుంది. చుట్టుపక్కలవాళ్లు కూడా చప్పట్లు ఆపారు.

నాకు అప్పుడు తట్టింది. మా మామకు అత్త రెండో ఆమె. పెద్దామె పేరు గంగుబాయి, నా పెళ్లి కంటే ముందే పోయింది. ఈ సంగతి నాకు కాపురానికి వచ్చిన రోజు నుంచి తెలుసు. గంగుబాయి ఎంత మంచిదో ఊళ్లో అందరూ చెప్తారు. చెప్పేటప్పుడు రెండో ఆమెకు ఎలా ఉంటుందో నేను ఒక్కసారీ అనుకోలేదు.

అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నేనే జొన్నరొట్టె పెట్టి ఎదురుగా కూర్చున్నాను. తింటూ చెప్పింది. "పద్నాలుగేండ్లకు నన్ను గీ ఇంటికి తెచ్చిండ్రు. గంగుబాయే బొట్టు పెట్టింది. మంచిదే. తిట్టలే, కొట్టలే. సచ్చేదాక నన్ను పేరు పెట్టి పిలువలే. దశరథం పుట్టినంకనే నాకు గీ ఇంట్ల కూసుండ జాగ దొరికింది."

మరి ఆ పిల్లను ఎందుకు తెస్తున్నావని అడిగాను. కొడుకు పుడితే దానికీ జాగ దొరుకుతుందన్నది. పుట్టకపోతే అని అడిగాను. రొట్టె పక్కన పెట్టి చేయి కడుక్కుంది.

అయినా పిల్ల ఇంటికి పోయేది పోయేదే. మాట ఇచ్చేశాం, వచ్చే నెల నాలుగున ప్రయాణం. మీ బావ ఇంకా అత్తతో ఏమీ చెప్పలేదు. (చెప్తాను. – దశరథం)

నర్మద


మందమర్రి,
20 ఫిబ్రవరి 1960

అక్కకు దండాలు.

రెండు రోజులు అన్నం ముట్టలేదంటే మందు పని చేసిందన్నమాట. నేను చెప్పలేదా? మేనేజరుకు కూడా చెప్పాను, ఆయన చాయ్ తాగించాడు. ఇక వచ్చే పని లేదనుకుంటున్నాను. అత్త మనసు కుదుటపడటానికి ఒక హాస్య సినిమా వేశాను. అందులో కుటుంబమే లేదు. అందరూ లాడ్జిలో ఉంటారు.

కైలాసం


ఖానాపూర్,
6 మార్చి 1960

కైలాసానికి,

మొన్న బండి కట్టుకొని పోయాం. అత్త, నేను, మీ బావ. నీ కోసం పొద్దెక్కేదాకా ఆగాం. నువ్వు రావలసిన మంచిర్యాల బస్సు వచ్చి పోయింది. పుట్టింటివాళ్లు రాలేదు కాబట్టి సరే అన్నట్టే అని అత్త బండి తోలమంది.

మగవాళ్లను బయట అరుగు మీద కూర్చోబెట్టారు. మమ్మల్ని లోపలికి తీసుకుపోయారు. కుంకుమ పళ్లెం నా చేతిలో ఉంది. పిల్లను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. జడ పాములా లేదు, బారెడు కూడా లేదు. పొగరు కూడా లేదు. గోళ్లకు పసుపు పట్టి ఉంది, పొద్దున పసుపు కొమ్ములు ఉడికించినట్టుంది. ఇన్నాళ్లూ తిట్టిన మనిషి ఈమేనా అనుకున్నాను. ఆమె తిట్లకు ఆనేంత మనిషి కాదు.

నేను బొట్టుకు వేలు ముంచాను. అత్త నా చేయి పట్టి ఆపింది. ఆపి ఆ పిల్లను అడిగింది. "పిల్లా, నీకు ఇష్టమేనా?"

పిల్ల మేనత్త పక్కనే ఉంది. దానికేం తెలుసు, తండ్రి మాట దాటదు అని ఏదో చెప్పబోయింది. నిన్ను అడగలేదని అత్త ఆమెతో అన్నది. పిల్ల గుమ్మం వైపు చూసి, "బాపు ఎట్లంటే గట్ల," అన్నది.

అత్త ఆమె మొహమే చూస్తూ కూర్చుంది. "నేను గూడ గదే అన్న," అన్నది.

తర్వాత పళ్లెం నా చేతిలోంచి తీసుకుంది. పేరంటానికి వచ్చిన ఆడబిడ్డకు పెట్టినట్టు తనే పిల్లకు బొట్టు పెట్టి, తెచ్చిన రవికె బట్ట ఒళ్లో పెట్టి లేచింది. అరుగు మీదికి పోయి తండ్రికి చెప్పింది. "పిల్లకు పెండ్లి కానోన్ని చూడు. మాట తప్పింది నేను. తిట్టుడుంటే నన్ను తిట్టు." ఆయన తిట్టాడు. మా బండి ఊరి మలుపు తిరిగేదాకా తిట్టాడు. అందరికంటే ముందు బండెక్కింది మీ బావ. (నిజమే. – దశరథం)

దారిలో నేను అత్త కాళ్లు పట్టుకొని ఏడ్చాను. కాళ్లు వెనక్కి తీసుకుంది. నీ కోసం చేయలేదు, మురిసిపోకు అన్నది. నిన్న రాత్రి మళ్లీ గుడారానికి పోయింది. నీ హాస్య సినిమా చూసింది. ఒక్కసారి కూడా నవ్వలేదు. బాగుందన్నది.

ఇంట్లో నా చాప ఉన్నచోటే ఉంది. సంతోషంగా ఉన్నాను. అయినా ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మీ బావను ఒక్క అక్షరం మార్చకుండా రాయమన్నాను.

అక్కడ ఆ పిల్ల అన్న ఉన్నాడు. నీ వయసే ఉంటుంది. గుమ్మం బయట గుంజకు ఆనుకొని నిలబడ్డాడు. అత్త అడిగినప్పుడు పిల్ల మొదట చూసింది మా వైపు కాదు, తండ్రి వైపు కాదు, అతని వైపు. అతను నేల చూస్తున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. చెల్లెలి మీద ప్రేమ లేదని నేను అనను. ఇంకా ఎవరైనా వచ్చి ఏదైనా చేస్తారనుకుంటున్నాడేమో. ఆ పిల్ల మీద ఇన్నాళ్లూ పెంచుకున్న కోపం నాకు అక్కడే పోయింది. ఎక్కడికి పోయిందో కూడా చెప్తాను. నీ మీదికి వచ్చింది.

నర్మద


మందమర్రి,
12 మార్చి 1960

అక్కా,

ఉత్తరం అందింది. మేనేజరును సెలవు అడిగాను. మిషిన్ ఎవరు తిప్పుతారన్నాడు. ఎవరు తిప్పినా అదే సినిమా అన్నాను. ఈ సంగతి నాకు డిసెంబరులో కూడా తెలుసు.

నలుగురిలో కూర్చొని మాట్లాడాలంటే నాకు భయం. బాపు ఉంటే ఆయన మాట్లాడేవాడు. సినిమాలో అయితే ఎవరో మాటలు రాసి ఇస్తారు. నాకు ఎవరూ రాసివ్వలేదు, నేనూ రాసుకోలేదు. నువ్వు బస్సు చూసి లోపలికి పోయి ఉంటావన్నదే తలుచుకుంటున్నాను.

ఆదివారం బస్సుకు వస్తున్నాను. ఇప్పుడు చేయడానికి ఏ పనీ మిగల్లేదని తెలుసు. ఏం మాట్లాడాలో కూడా తెలియదు. వచ్చి నీ దగ్గర కూర్చుంటాను.

నీ తమ్ముడు
కైలాసం